వెనక గది ఖాళీ కాదు

నేను ఒక ఇంటి నంబరు రేకును. నీలం పూత, తెల్లటి అంకెలు. గోదావరి గట్టు దగ్గర లాకుల వీధిలో ఒక పెంకుటింటి గుమ్మానికి నన్ను కొట్టారు. మనుషులు చిత్రమైనవాళ్లు. తాము కట్టుకున్న ఇంటికి కూడా మున్సిపాలిటీ వచ్చి నంబరు వేసేదాకా వాళ్లకి నమ్మకం కుదరదు.

అప్పటి యజమానురాలు రాజరత్నమ్మ. భర్త పేర్రాజు లాంచీ నడిపేవాడు. ఒక వరదలో లాంచీ దొరికింది, ఆయన దొరకలేదు. ఆ ఏడాదే ఇంటిపన్ను వేయడానికి ఒక ఉద్యోగి టేపు పట్టుకుని వచ్చాడు. అన్నీ కొలిచి వెనక గది ముందు ఆగాడు.

"ఇందులో ఎవరూ ఉండట్లేదుగా అమ్మా? ఖాళీ అని రాస్తాను. పన్ను తగ్గుద్ది."

"ఖాళీ అని నీకెవరు చెప్పారయ్యా? అది మా ఆయన గది. ఉంటున్నారని రాసుకో."

రాసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి వెనక గదిలో దగ్గు వినిపించేది. గోడల వెంట పాకి నా మేకుల్లోకి వచ్చేది. మున్సిపాలిటీ రాసుకున్న మాటను ఇల్లు నమ్మేసింది.

కొన్నాళ్లకి రాజరత్నమ్మ పోయింది. ఆమె మాత్రం తిరిగి రాలేదు. ఉంటోందని ఎవరూ రాయించలేదు మరి.

తర్వాత ఇల్లు కొనుక్కుని కొత్త దంపతులు వచ్చారు. నీలవేణి కాళ్లకి పారాణి ఇంకా ఎర్రగానే ఉంది. వస్తూనే పమిటతో నన్ను తుడిచి, "మన నంబరండీ!" అని భర్త శశిధర్‌కి చూపించి, నాకు కుంకుమ బొట్టు పెట్టింది. రేకు ముక్కని చూసి అంతగా మురిసిపోయిన మనిషిని నేను ఎరగను.

మొదట ఆ దగ్గు భర్తదే అనుకుని అల్లం టీ పెట్టింది. "నాకు దగ్గేమిటే?" అన్నాడతను. పక్కింటి మంగాయమ్మ పేర్రాజు సంగతంతా చెప్పింది. నీలవేణి భయపడలేదు. మర్నాటి నుంచి వెనక గది ముందు ఒక గ్లాసు టీ పెట్టడం మొదలుపెట్టింది.

మళ్లీ పన్ను వేసే ఏడాది వచ్చింది. ఈసారి ఉద్యోగి చేతిలో టేపు లేదు, ఎర్ర వెలుగు చిమ్మి కొలిచే చిన్న పెట్టె ఉంది.

"ఈ గది?"

"ఖాళీయేనండి, అలాగే రాసుకోండి," అన్నాడు శశిధర్.

లోపల దగ్గు సగంలో ఆగిపోయింది. నా మేకులు చల్లబడ్డాయి. ఆ ఒక్క మాట రాస్తే పేర్రాజుకి ఇక చోటు లేదు.

"ఆగండాగండి!" నీలవేణి పరుగున వచ్చింది. "ఖాళీ కాదు. పెద్దాయన ఉంటున్నారు."

"ఏ పెద్దాయనే?"

"మీరూరుకోండి. రాసుకోండి సార్, పన్ను మేం కడతాం."

"తగ్గించమని ఏడ్చేవాళ్లనే చూశానమ్మా ఇన్నాళ్లూ," అని నవ్వుతూ రాసుకున్నాడు. లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు. "పెద్దాయనకి దగ్గుమందు పట్టించండి," అని ఉద్యోగి వెళ్లిపోయాడు.

తర్వాత గుమ్మానికి కొత్త నంబరు వచ్చింది. నన్ను ఊడదీసి పాత ఇనుములో వేయబోయాడు శశిధర్. నీలవేణి లాక్కుని, వెనక గది తలుపుకి పెట్టి సుత్తి అందుకుంది. ఆ తలుపు వదులు. దెబ్బ దెబ్బకీ వెనక్కి ఊగిపోతోంది.

అంతలో ఊగడం మానేసింది. మేకు వంకర పోకుండా, లోపలి వైపు నుంచి ఎవరో అరచెయ్యి ఆనించారు.