ఆరో అంతస్తు ఆమెన్

బైబిల్లోని యోబు భార్య గురించి గుమోక్‌కు ఏళ్లుగా ఒక సందేహం ఉంది. ఒక్క రోజున పదిమంది పిల్లలు పోయింది యోబుకే కాదు, ఆమెకూ పోయారు. ఆ పదిమందినీ కన్నది ఆమె. అయినా అమ్మమ్మ కాలం నుంచీ ప్రతి పాస్టరూ 'దేవుణ్ణి దూషించి చచ్చిపో' అని ఆమె మొగుడితో అన్న ఒక్క మాట పట్టుకుని మూర్ఖురాలనే అంటున్నాడు. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు యోబు పక్కన నేల మీద కూర్చున్నారట. ఆమె పక్కన ఎవరు కూర్చున్నారు? ఏడు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు?

మంగళవారం ఆ సందేహం నోరు జారి బయటికొచ్చింది.

గుమోక్ భర్త సంగ్‌తే సంఘపెద్ద. శనివారం తమ ఇంట్లో జరిగే కూటానికి పాఠం తయారు చేస్తున్నాడు. పేరు "భక్తుల నిరాశకు ఆత్మీయ కారణాలు". అతను చెబుతున్నాడు, ఆమె గుండ్రటి అక్షరాలతో రాస్తోంది. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నాడు, కారణం గర్వం. నయోమి తన బతుకు చేదన్నది, కారణం అవిధేయత. యోబు భార్య, కారణం నోటిదురుసు. అక్కడ కలం ఆగింది.

"ఏమండీ, ఆమెకు మాత్రం కడుపుకోత ఉండదా?"

"నాకు వాక్యం నేర్పుతావా నువ్వు?" అంటూ లేచాడు. వంటగట్టు మీద పిండి అంటుకున్న అప్పడాల కర్ర ఉంది.

మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. రెండోది డొక్కలో. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు చెవుల్లోంచి కాక ఒంటి లోపల్నుంచి వినిపించింది. జుట్టు పట్టుకుని స్నానాలగది గుమ్మం దాకా ఈడ్చాడు. గడపకు నుదురు కొట్టుకుంది. "ప్రభువా! ప్రభువా! ప్రభువా!" అని అరిచింది గుమోక్.

అలా అరవమని నేర్పింది అతనే. వాళ్ల సంఘాల్లో అదొక పద్ధతి. మూడుసార్లు ప్రభువును కేకవేసి, ఆపైన అందరూ ఒక్కసారిగా గొంతెత్తి, రొమ్ములు బాదుకుంటూ, ఎవరి మొర వాళ్లు ఏడుపుతో చెప్పుకుంటారు. కొరియాలోని ఆ కున్సాన్ రేవు ఊళ్లో, పలచని గోడల ఆ అపార్టుమెంటులో, ఏడో అంతస్తు నుంచి అలాంటి కేకలు వినిపిస్తే ఎవరూ పోలీసులను పిలవరు. సంఘపెద్ద ఇంట్లో ప్రార్థన జరుగుతోందనుకుంటారు. "ఏడవాలనుంటే ప్రభువు పేరు పెట్టి ఏడు. పుణ్యమన్నా వస్తుంది" అన్నాడు సంగ్‌తే, పెళ్లయిన కొత్తలో. అత్తగారు ఎండుచేపను రాతి మీద పెట్టి బాదుతూ, "చేపనూ ఆడదాన్నీ మూడు రోజులకోసారి బాదితేనే మెత్తబడతాయే పిల్లా" అని నవ్వింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆ మాట పోలేదు.

దెబ్బలు అలవాటయ్యాయి గుమోక్‌కు. అలవాటు కానిది ఇంకొకటి ఉంది. తెల్లవారుజామున గుడిలో మోకరించి "ప్రభువా" అనబోతే డొక్కలు ముడుచుకుపోతాయి. తలను కాపాడుకోవడానికి చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. చిన్నప్పుడు ఆ పేరు తలచుకుంటే అమ్మ దుప్పటి కప్పినట్టుండేది. ఇప్పుడు ఆ పేరుకు కర్ర వాసన. తన నిరాశకు ఆత్మీయ కారణం ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె చెప్పగలిగేది అదొక్కటే: నా ప్రార్థనను లాగేసుకున్నారు. కానీ ఎవరూ అడగలేదు. బుధవారం బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, కింద ఆగి ఉన్న కార్ల మధ్య ఖాళీ జాగా తన ఒంటికి సరిపోతుందా అని చాలాసేపు చూసింది.

శనివారం పదకొండు మందికి నూడుల్స్ పిండి వత్తింది, కడిగి ఆరబెట్టిన అదే కర్రతో. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలో కత్తి దిగుతోంది. పులుసులో సముద్రపు గుల్లలు వేసింది, ఊరబెట్టిన ముల్లంగి కిమ్చీ కోసింది, చెప్పులు వరసగా సర్దింది. సంగ్‌తే పాఠం చెప్పాడు. అందరూ తలలూపారు.

"ఏలీయాకు దేవదూత ఉత్త రొట్టె పెట్టాడు. మన గుమోక్ చెల్లెమ్మ నూడుల్స్ పెట్టుంటే లేచి గంతులేసేవాడు పెద్దగారూ!" అన్నాడు బాంగ్ అనే లావుపాటి ఆయన. అంతా నవ్వారు.

గుమోక్‌కు మాత్రం ఆ రొట్టె దగ్గరే మనసు ఆగింది. చచ్చిపోతానన్నవాడిని దూత నీ తప్పేమిటని అడగలేదు. తిను, నడవాల్సిన దారి చాలా ఉంది అన్నాడు. పాఠంలో ఆ ముక్క ఎందుకు లేదు?

"రేపు ఆరాధనలో మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది" అన్నాడు సంగ్‌తే. "ప్రార్థనతో నిరాశను ఎలా జయించిందో. నేను రాసిపెట్టాను."

చప్పట్లు. గుమోక్ ఖాళీ గిన్నెలు పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. రేపు ఆ కాగితం చదివితే ఇక ఈ ఊళ్లో ఎవరూ తన కేకను కేకగా వినరు.

వెనకే కింది అంతస్తు మేంగ్ వచ్చింది. అరవై దాటిన విధవరాలు. ఆ అపార్టుమెంటులో అందరికీ అక్కే.

"నీ సాక్ష్యం నాకు ముందే తెలుసులే చెల్లీ. పైన నీ ప్రార్థన మొదలవగానే నేనూ మోకరిస్తా. నువ్వు ప్రభువా అన్నప్పుడల్లా కిందినుంచి ఆమెన్ అంటా. మొన్న మంగళవారం నీతోపాటు గంటసేపు ఏడ్చాను. అంత లోతుగా ఎలా ప్రార్థిస్తావే?"

గుమోక్ చేతిలోని గిన్నె సింకులోకి జారింది. ప్రతి దెబ్బకూ ఒక ఆమెన్. ఆ వెంటనే ఇంకోటి తోచింది: గడప మీద తల ఆనించి తాను పడి ఉన్నప్పుడు, అడుగు మందం సిమెంటు కింద ఒక మనిషి తనతోపాటు ఏడ్చింది. తెలియకే కావచ్చు. కానీ ఏడ్చింది.

"రండి, ప్రార్థనతో ముగిద్దాం" అని హాల్లోంచి సంగ్‌తే పిలిచాడు.

మూడుసార్లు కేక లేచింది. పదకొండు గొంతులు ఇల్లు అదరగొట్టాయి. ఆ హోరులో గుమోక్ కూడా గొంతెత్తింది. ఏమంటోందో పక్కనున్నవాళ్లకు కూడా వినిపించలేదు. సంగ్‌తే బల్ల మీద తట్టాడు. అందరూ ఆగారు. ఆమె ఆగలేదు.

"...ఇస్త్రీపెట్టెతో వీపు కాల్చాడు. మంగళవారం అప్పడాల కర్రతో డొక్క విరగ్గొట్టాడు." స్వెటరు పైకెత్తింది. వంకాయ రంగులో, అరచేయంత మేర, చర్మం ఉబ్బి ఉంది.

బాంగ్ తన గిన్నెలోకి చూసుకున్నాడు.

"దయ్యం!" సంగ్‌తే బల్లను తన్నాడు. వేడి పులుసు గుమోక్ తొడల మీద ఒలికింది. "యోబు పెళ్లాం దయ్యం పట్టింది దీనికి! అందరూ దీని తల మీద చేతులుంచి ప్రార్థించండి!" చెంప మీద కొట్టాడు. ఆమె పెదవి చిట్లి రక్తం నూడుల్స్ మీద పడింది. ఎవరూ అడ్డుపడలేదు. ఒకరిద్దరు నిజంగానే చేతులు చాచారు.

రెండో దెబ్బ మేంగ్ భుజాన తగిలింది. ఎప్పుడు లేచిందో, ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ముసలి మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

"నా మీద కొట్టు పెద్దాయనా. ఇన్నేళ్లూ దీనికా నేను ఆమెన్ అన్నది?" అంది. గుమోక్‌ను లేపి, గుమ్మం దగ్గర తన చెప్పులు ఆమె కాళ్లకు తొడిగింది. "నడు. ముందు ఆసుపత్రికి."

మెట్ల దగ్గర గుమోక్ ఆగింది. ఆసరాగా మేంగ్ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పదకొండేళ్ల కిందట ఒకరోజు నువ్వు పైకొచ్చి తలుపు తట్టావు. 'ప్రార్థనేనా చెల్లీ?' అని సందులోంచి అడిగావు. అవునన్నాను. నీకు అప్పటినుంచీ ఒక జవాబు బాకీ ఉన్నాను."

రక్తం మింగి, ఊపిరి తీసుకుంది.

"కాదక్కా. ప్రార్థన కాదు."