సగంలో లేచి వచ్చిన సినిమా

టీచరు అడిగిన మాటకు తలుపు వెనక నుంచి జవాబు వచ్చింది.

“నేనూ వత్తాను.”

లోవమ్మ చేతిలో చేట ఆగిపోయింది. గుమ్మం బయట పీట మీద కూర్చుని వల చిరుగు కుడుతున్న రాముడు తలెత్తాడు. ఆ గొంతు అతని మనవరాలు, లోవమ్మ కూతురు రాణిది. వేసవి సెలవుల ముందు రేవులో, చేపలు కోసే అరుగుల దగ్గర, ఆ పిల్లను కుక్క కరిచింది. సూదులన్నీ వేయించారు. పిక్క మీద గాయం మానింది. పిల్ల మాత్రం ఆ తరవాత గడప దాటలేదు. బళ్ళు తెరిచారు, గోదారికి వరద ఎర్రనీళ్ళు కూడా వచ్చాయి, రాణి ఇంట్లోనే ఉంది. ఎత్తుకుని తీసుకుపోదామంటే కాళ్ళు పైకి ముడుచుకుని, మెడ వాటేసుకుని, ఊపిరి అందనంతగా ఏడ్చేది. తండ్రి గంగాధర్ కాకినాడ బోటు మీద వేటకు పోయేవాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా పిల్ల వంక చూసి, ఏమీ అనలేక, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

అలాంటి పిల్ల తనంతట తాను వస్తానంది.

“ఏం సినిమా అండీ?” అంది లోవమ్మ.

బడిపిల్లలందరినీ శనివారం రావులపాలెం సినిమాకు తీసుకెళ్తున్నారు. ఆ సంగతి చెప్పడానికే లక్ష్మీప్రసన్న టీచరు ఏటిగట్టు దిగి ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు మాత్రం కొంచెం నసిగింది.

“కుక్క సినిమా అండి. ఇల్లు తప్పిపోయిన కుక్క మళ్ళీ ఇంటికి వెతుక్కుంటూ రావడం. సాహసాలూ అవీ ఉంటాయట.”

లోవమ్మ తలుపు వంక చూసింది.

“నాకు తెలుసు,” అంది రాణి. “పక్కింటి పిల్ల కిటికీలోంచి చెప్పింది. అయినా వత్తాను. ఆ కుక్క తెరలో ఉంటది. బయటికి రాదు.”

లోవమ్మ టీచరును చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. రాముడూ వెనకాలే వెళ్ళాడు.

“అక్కడ జడుసుకుందనుకోండి, ఇక దాన్ని ఎవడూ బయటికి తేలేడు,” అంది లోవమ్మ గొంతు తగ్గించి. “పోనీ వద్దందామా అంటే, ఇన్నాళ్ళకి నోరు తెరిచి అడిగింది. మళ్ళీ ఎప్పుడు అడుగుద్ది?”

“ఏడేళ్ళు దాటిన పిల్లలు చూడొచ్చని సర్టిఫికెట్లో ఉందండి. రాణికి ఎనిమిది నిండాయి కదా.”

“కుక్క కరిచిన పిల్లల సంగతి కూడా రాశారాండీ అందులో?”

టీచరు నవ్వబోయి మానేసింది. “నేను కూడా చూళ్ళేదండి. ఫోన్లో ట్రైలరు ముక్క చూశాను. బానే ఉంది.”

“నేను చూసొత్తాను,” అన్నాడు రాముడు.

ఇద్దరూ అతని వంక తిరిగారు. రాముడు రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

“మీరా మావయ్యా? సినిమాలో నిద్దరోతారు మీరు.”

“ఈసారి పోను.”

“అయితే రేపు సాయంత్రానికల్లా చెప్పాలండి రాముడు గారూ,” అంది టీచరు. “ఆటోలు మాట్లాడాలి. మీరు చెప్పేదాన్ని బట్టి మిగతా చిన్నపిల్లల సంగతీ ఆలోచిస్తాను.”

మర్నాడు పొద్దుటాటకు రాముడు ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళాడు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. పక్క సీట్లో చిన్నకూతుర్ని పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. బజార్లో కిరాణా కొట్టు వాళ్ళట, పేరు రాజరాజేశ్వరి అట. అడక్కుండానే అన్నీ చెప్పింది.

“మనవల్ని తేలేదా బాబాయి గారూ? ఒక్కరే వచ్చారేంటి కుక్క సినిమాకి?”

“పరీక్ష చేయడానికొచ్చానమ్మా.”

“ఎవరికండీ పరీక్ష?”

“సినిమాకి.”

ఆవిడ కూతుర్ని కొంచెం తన వైపు జరుపుకుంది.

దీపాలు ఆరిపోయాయి. రాముడు తన కళ్ళతో చూడడం మానేశాడు. రాణి ఇక్కడ ఉంటే ఏం చేస్తుంది, ఎక్కడ కాళ్ళు ముడుచుకుంటుంది, ఎక్కడ తన చెయ్యి పట్టుకుంటుంది అని చూస్తూ కూర్చున్నాడు. కుక్క గోధుమరంగుది, చెవులు వేలాడే రకం. ఇల్లు మారేటప్పుడు లారీలోంచి జారిపడి కొండల్లో తప్పిపోయింది. అది నోరు తెరిచినప్పుడల్లా రాముడు పళ్ళు చూశాడు. నాలిక బయట పెట్టి రొప్పడమే తప్ప అది ఎవరినీ కరవలేదు. ఫరవాలేదు, చూడొచ్చు అనుకున్నాడు.

అంతలో దారి పక్క హోటలు వెనక ఊరకుక్కలు దాన్ని చుట్టుముట్టాయి. తెర నిండా పళ్ళు. గుర్రుమనే చప్పుడు కుర్చీ కింద నుంచి వస్తున్నట్టుంది. పక్కనున్న చిన్నపిల్ల చేతులతో మొహం కప్పుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది. వద్దు, ఇది రాణికి వద్దు అనుకున్నాడు. అదయ్యాక ఒక మేకల కాపరి కుక్క గాయం కడిగాడు. అతని కూతురు దాని మెడ మీద తల పెట్టుకుని పడుకుంది. కుక్క కదలకుండా ఉంది. మళ్ళీ రాముడి మనసు మారింది. రాణి ఇది చూడాలి. ఇదొక్కటీ చూస్తే చాలు.

అలా అటూ ఇటూ తూగుతుండగా తెర మీద ఏరు పొంగింది. అది గోదారి కాదు, ఎక్కడో కొండవాగు. నీళ్ళు మాత్రం రాముడికి తెలిసిన నీళ్ళే. రంగు చూశాడు, నురగ చూశాడు, మధ్యలో రాతి దగ్గర తిరుగుతున్న సుడి చూశాడు. కాపరి కూతురు జారి అందులో పడింది. కుక్క దూకి, పిల్ల లంగా కరిచి పట్టి, ఒడ్డు దాకా నెట్టింది. నెట్టి, తను సుడిలోకి పోయింది. ఒకసారి తల కనిపించింది. అంతే. దీపాలు వెలిగాయి.

“పోయింది,” అన్నాడు రాముడు.

“ఇంటర్వెల్ అండీ,” అంది రాజరాజేశ్వరి పాప్‌కార్న్ పొట్లం విప్పుతూ. “తింటారా?”

“ఆ నీళ్ళు చూశారామ్మా? ఆ రాయి కింద లోపలికి లాగేత్తది. అక్కడ పడింది పైకి రాదు.”

“సినిమా కదండీ బాబాయి గారూ.”

“సినిమా అయితే మాత్రం. నీళ్ళు నిజంవేగా.”

లేచి బయటికి వచ్చేశాడు. మిగిలిన సగంలో ఏముంటుంది, ఆ కుక్క కోసం అందరూ ఏడుస్తారు. కరిచే కుక్కల్ని చూపించినా ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు. మంచి కుక్కను చూపించి, దాన్ని ఏట్లో చంపేసి, ఆ పిల్లను ఇంటికి పంపితే ఏమవుతుంది. ఆటో గట్టెక్కేసరికి అతని తీర్పు అయిపోయింది.

రాణి గడపకు ఇవతల కూర్చుని ఎదురుచూస్తోంది. లోవమ్మ కంచం పెట్టింది. రాముడు మొదటి ముద్ద కలుపుతుంటే పిల్ల అడిగింది.

“కరుత్తదా తాతా?”

“అది కరవదు. వేరే కుక్కలు దాన్ని కరిచాయి.”

“పిల్లల్ని?”

“లేదు. పిల్లని కాపాడింది.”

“మరి నేను ఎల్లొచ్చుగా.”

రాముడు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. లోవమ్మ అతని మొహంలోకి చూస్తోంది. అబద్ధం చెబుదామా అనుకున్నాడు. రేపు ఆ పిల్లలంతా వచ్చి కిటికీలోంచి చెప్పేస్తారు.

“ఏట్లో పడింది,” అన్నాడు.

“పడితే? దొరికిందా?”

“తెలీదు. లేచొచ్చేశాను.”

రాణి గొంతు మారింది.

“దొరక్కుండానే లేచొచ్చేశావా?”

“అది సినిమా కుక్కే,” అంది లోవమ్మ.

“అయితే? నిరుడు సత్తిబాబు మావ నావ తిరగబడినప్పుడు తాత గట్టు మీంచి లేచాడా? నేనే కదా మంచినీళ్ళు పట్టుకెళ్ళాను. అన్నం పట్టుకెళ్తే తినలేదు. యానాం కాడ తేలాడని ఫోనొచ్చిందాకా లేవలేదు.” కంచం వైపు చూసింది. “ఇప్పుడు అన్నం కూడా తింటన్నావు.”

వాళ్ళ పేటలో అది కట్టుబాటు. ఏట్లో ఎవరైనా పడితే, బతికో చచ్చో దొరికే దాకా గట్టు మీద మనిషి ఉండాలి. ఉన్నవాళ్ళు ముద్ద ముట్టరు. రాముడి తండ్రీ అలాగే కూర్చున్నాడు, రాముడూ అలాగే కూర్చున్నాడు. కళ్ళతో చూసిన మునకను వదిలేసి లేచి రావడం అతని బతుకులో ఇదే మొదలు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

“నువ్వు చూడకపోతే నేను చూత్తాను,” అంది రాణి.

రాముడు తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లోకి దిగాడు. వెనక్కి తిరగలేదు. తిరిగితే పిల్ల ఆగిపోతుందని భయం. లోవమ్మ ఏదో అనబోతే చేత్తోనే వద్దన్నాడు. ఎండలో నిలబడి వీధి వంక చూస్తున్నాడు. వెనక ఏ అలికిడీ లేదు. కొబ్బరాకు కదిలినా గుండె కదులుతోంది. ఇంక రాదు, లోపలికి పోయి పడుకుని ఉంటుంది అనుకుంటుండగా భుజం మీద తువ్వాలు కిందికి లాగినట్టయింది. రాణి దాని కొస గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

ఆటో ఎక్కాలంటే రేవు దాటాలి. అరుగుల దగ్గర, బోర్లించిన నావ నీడలో, కుక్కలు పడుకుని ఉన్నాయి. ఎర్రదొకటి తలెత్తింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, వాళ్ళ వైపు వచ్చింది. రాణి చెయ్యి తువ్వాలు వదిలి రాముడి నడుం చుట్టూ బిగిసింది. గోళ్ళు దిగుతున్నాయి. రాముడి కన్ను పక్కనున్న గడకర్ర మీద పడింది.

“తీయకు,” అంది రాణి పళ్ళ మధ్య నుంచి. “తీత్తే పరిగెత్తుకొత్తాయి.”

“నడవగలవా?”

“మాట్లాడకు తాతా.”

నడిచారు. కుక్క వెనకాలే వచ్చింది. రాముడి పంచె వాసన చూసింది, మడమ దగ్గర దాని ఊపిరి వెచ్చగా తగిలింది. రాణి ఏడుస్తోంది, గొంతు మాత్రం పైకి రానివ్వడం లేదు. గట్టు ఎక్కే చోట కుక్క ఆగింది, వెనక్కి పోయింది. ఆటోలో కూర్చున్నాక రాణి కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కుంది. రాముడు పిల్ల పాదాలకు అంటిన ఇసక దులిపాడు. ఇంటికి పోదామా అని అడగాలనుంది. అడగలేదు.

హాలు గేటు దగ్గర మనిషి గుర్తుపట్టాడు.

“పొద్దున సగంలో ఎల్లిపోయారు కదండీ పెద్దాయనా. మిగతా సగానికొచ్చారా?”

“ఆయ్,” అన్నాడు రాముడు.

ఊరకుక్కలు వచ్చే చోటు రాముడికి ముందే తెలుసు. అది దగ్గరికొస్తుంటే పిల్ల వైపు ఇంకొంచెం జరిగాడు. గుర్రుమనే చప్పుడు మొదలైంది. రాణి సీటులోకి ముడుచుకుపోయి, రెండు చేతులతో పిక్క గట్టిగా పట్టుకుంది. రాముడు ఎత్తుకుని లేవబోయాడు.

“కూకో,” అంది. “ఏట్లో పడేది ఇంకా రాలేదుగా?”

“రాలేదు.”

“అయితే కూకో.”

కళ్ళు మూసుకోలేదు. తెర మీద పళ్ళు కనిపించినంతసేపూ పిక్క పట్టుకునే ఉంది. కాపరి గాయం కడుగుతుంటే చేతులు కొంచెం వదులయ్యాయి. ఏరు పొంగింది, కుక్క దూకింది, సుడిలో తల ఒకసారి కనిపించింది. దీపాలు వెలిగాయి. జనం సమోసాల కోసం లేచారు. రాణి లేవలేదు. రాముడు మంచినీళ్ళు తెస్తానన్నా తలూపి వద్దంది. ఖాళీ తెర వంక చూస్తూ కూర్చుంది. రాముడూ అదే చూశాడు. పొద్దున ఇదే చోట లేచిపోయినందుకు అతనికి పక్కనున్న ఎనిమిదేళ్ళ పిల్ల ముందు సిగ్గేసింది.

రెండో సగంలో కుక్క చాలాసేపు కనిపించలేదు. కాపరి వెతికాడు, ఊరు వెతికింది. అందరూ ఇళ్ళకు పోయాక కూడా కాపరి కూతురు ఒడ్డునే తిరిగింది. రాణి ముందు సీటు పట్టుకుని వంగింది. చివరికి దిగువన కొట్టుకొచ్చిన మానుల గుట్టలో గోధుమరంగు కదిలింది. ఒక కాలు విరిగింది. ఊపిరి ఉంది.

“ఆ నీళ్ళలో పడింది అట్టా రాదు,” అన్నాడు రాముడు ఉండబట్టలేక.

“వచ్చింది కదా,” అంది రాణి.



బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. హాలు మెట్ల మీద ఉండగా టీచరు ఫోన్ చేసింది.

“ఏమంటారండీ రాముడు గారూ? పిల్లలకి చూపించొచ్చా?”

“చూపించొచ్చమ్మా. కుక్కలు కొట్టుకునే కాడ చిన్నపిల్లల పక్కన పెద్దోళ్ళు కూకోవాలి. చూడలేనోళ్ళని అక్కడ బయటికి తీసుకెళ్ళండి, మళ్ళీ తీసుకురండి. ఏట్లో పడ్డాక మాత్రం ఒక్కర్నీ లేవనివ్వకండి. అది దొరికిందాకా ఉండాలి.”

ఇంత పొడుగు మాట అతని నోట టీచరు ఎన్నడూ వినలేదు.

“రాణి సంగతేంటండి మరి?”

రాముడు ఫోన్ కిందికి దించి మనవరాలిని చూశాడు. రాణి అతని తువ్వాలు కొస పట్టుకుని, మెట్ల కింద రోడ్డును ఈ చివర నుంచి ఆ చివరకు వెతుకుతోంది. కుక్కలేమైనా ఉన్నాయేమో అని.

“రేపు మీ బడోళ్ళతో వత్తావా అంటన్నారు.”

“ఆటో మనింటి దాకా వత్తదా?”

అడిగి చెప్పాడు. ఇరుకు సందు, ఇంటి దాకా రాదు, రేవు దాటాక గట్టు మీదే ఆగుతుంది.

రాణి రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

“అయితే రేవు దాటిందాకా నువ్వు రావాలి,” అంది.