నెంబరు చెరిగిన బండి

నేను ఒక నెంబరు లేని మోటారు సైకిల్ని. ఇంజను బాగుంది, చైను బాగుంది, సీటుకి ఒక్క కుట్టు కూడా ఊడలేదు. అయినా తెనాలిలో ఒక పాత ఇనుము కొట్టు వెనకాల, విరిగిన మంచాల పక్కన పడున్నాను. ఇంత నిగనిగలాడే బండి ఇక్కడికెందుకొచ్చిందని అడుగుతారేమో. చెప్తాను, వినండి. నన్ను కోసే మిషను రిపేరుకి పోయిందట, ఇంకా రాలేదు.

పుట్టుక గురించి గొప్పలు చెప్పను. హ్యాండిల్ కింద, నా మెడ గొట్టం మీద ఒక నెంబరు కొట్టి బయటికి పంపారు. మొదట కొన్నది రైసుమిల్లు బాపయ్య. ఆ మిల్లులో ఊరవతల దళితపేట నుంచి ఏసుదాసని ఇరవై ఏళ్ళ కుర్రాడు పనికొచ్చేవాడు. రోజూ పొద్దున్నే నన్ను కడగడం అతని వంతు. నా ఒంట్లో ఏ మర ఎక్కడుందో బాపయ్యకి తెలీదు, ఏసుదాసుకి తెలుసు. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ సీటు మీద కూర్చున్నాడు. స్టార్టు కూడా చెయ్యలేదు పాపం. బాపయ్య వరండాలోంచి చూసి, "దిగరా. పేటవాడివి, నువ్వు కూర్చున్న దాని మీద నేను కూర్చోవాలా?" అన్నాడు. మర్నాడే సీటు కవరు మార్పించాడు. తీసేసిన కవరు ఏసుదాసు చేతికే ఇచ్చి పారేసి రమ్మన్నాడు. నేనేం చేశాననుకున్నారు? కొత్త కవరేసుకుని, బాపయ్యని ఎక్కించుకుని ఊరంతా తిరిగాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

బాపయ్య కారు కొన్నాక నన్ను ఒక పాలాయనకి అమ్మాడు. ఆయన అటూ ఇటూ క్యాన్లు కట్టి నా నడుము విరగ్గొట్టి, చివరికి కోళ్ళ షెడ్డులో పడేశాడు. ఇరవై ఏళ్ళు కోళ్ళు నా మీద పడుకున్నాయి. కోళ్ళకి మాత్రం ఎవరూ దిగమని చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన వచ్చి నా మెడ మీద దుమ్ము తుడిచి నెంబరు చూశారు. ఆ చెయ్యి వణుకుతోంది. అయినా గుర్తుపట్టాను. ఏసుదాసు ఇప్పుడు ఏసుదాసు మాస్టారు. ముప్ఫై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపి, సగం తెనాలికి బండి నేర్పినాయన. ఇంటికి తీసుకుపోతే భార్య కరుణమ్మ ముక్కు మూసుకుని, "ఈ తుక్కెందుకండీ?" అంది.

"బాగుచేసి తోల్తాను, కరుణా. నిన్నెక్కించుకుని సూర్యలంక సముద్రం దాకా పోతాను" అన్నారు. సీటు కవరు సంగతి మాత్రం ఆవిడకి ఏనాడూ చెప్పలేదు. ఆ చేతుల వణుకు పెరుగుతుందే గానీ తగ్గదనీ, ఏడాదో రెండేళ్ళో పోతే పట్టు పూర్తిగా పోతుందనీ డాక్టరు చెప్పాడట. అందుకే అంత ఆదరా బాదరా.

పెయింటింగ్ షెడ్డు జిలానీ సాయం వచ్చేవాడు. బిగిసిపోయిన పిస్టన్ని కిరోసిన్‌లో వారం నానబెట్టారు. మాస్టారి వేళ్ళకి అందేలా క్లచ్చి లివరు పొడవు చేశారు, కరుణమ్మ మోకాళ్ళ నొప్పికని సీటు కిందికి దించి వెడల్పు చేశారు. మనుషులు ఇనుము మీద చూపించే ప్రేమ ఇంకెక్కడా చూపించరు. బాగుపడుతున్నది నేనే కాబట్టి నోర్మూసుకున్నాను.

రంగుకి ముందు తుప్పంతా గీకాలి. "మెడ మీద నెంబరుంది మాస్టారూ, దానికి టేపు వెయ్యందే గ్రైండరు పెట్టొద్దు. నేను వచ్చాక చేద్దాం" అని జిలానీ చెప్పి వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఎందుకో మాస్టారి చెయ్యి వణకలేదు. అలాంటి పూట నెలకోసారి కూడా రాదు. టేపు వెతుకుతూ కూర్చుంటే ఆ కాస్త పట్టూ జారిపోతుందని భయపడ్డారు. గ్రైండరు అందుకుని, చుట్టూ గీకి ఆపుదామనుకున్నారు. మెడ గొట్టం అద్దంలా తేలేదాకా ఆపలేకపోయారు. ఆపి చూసుకుంటే నెంబరు లేదు. నాకు నొప్పి తెలియదు గానీ ఆయన మొహం చూసి భయమేసింది.

పాత బండికి కాగితాలు కొత్తగా రాయాలంటే ఆ నెంబరు సరిచూడాలి. చూడాల్సిన రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టరు మాస్టారి దగ్గర కారు నేర్చుకున్నవాడే. నిలబడి నమస్కారం పెట్టాడు. "నెంబరు లేని బండి రోడ్డెక్కకూడదని మాకు చెప్పింది మీరే కదా, గురువుగారూ" అని బాధపడ్డాడు. మందు పూస్తే చెరిగిన అంకెలు తేలతాయేమోనని ల్యాబుకి రాశాడు. పదకొండు నెలలు గడిచాయి. ఆలోపు మాస్టారికి చొక్కా గుండీలు కరుణమ్మే పెట్టడం మొదలైంది. దొంగచాటుగా ఒక్కసారి తోలండని జిలానీ ఎంత పోరినా ఆయన ఒప్పుకోలేదు.

చివరికి జవాబొచ్చింది. అంకెలు తేలలేదు, కాగితాలివ్వడం కుదరదు. మూడో రోజు సాయంత్రం మాస్టారు, "జిలానీ, కాలవ గట్టుకి నెట్టుకురావయ్యా" అన్నారు.

గట్టు మీద ఎవరూ లేరు. మాస్టారు ఎక్కారు. కరుణమ్మ వెనక పక్కకి తిరిగి కూర్చుని ఆయన భుజం పట్టుకుంది. జిలానీ ఒక్క తన్ను తన్నాడు, నేను అందుకున్నాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ మోగలేదు. మాస్టారి ఎడమ చెయ్యి క్లచ్చి మీదికి వచ్చింది. వేళ్ళు చుట్టుకున్నాయి గానీ నొక్కుకోలేదు. మళ్ళీ ప్రయత్నించారు. కుడిచెయ్యి కూడా తెచ్చి నొక్కితే కాస్త కదిలింది, కానీ అది వదిలేస్తే యాక్సిలరేటరు ఎవరు పట్టుకుంటారు?

"నేను నొక్కుతా మాస్టారూ" అన్నాడు జిలానీ.

"వద్దు."

"చాలండీ. ఎక్కాం కదా" అంది కరుణమ్మ. ఆయన దిగలేదు, ఆవిడా దిగలేదు. కాలవలో నీళ్ళు పోతూనే ఉన్నాయి. ట్యాంకులో పోసిన కాస్త పెట్రోలూ నిలబడిన చోటే తాగి, నేను ఆగిపోయాను. జిలానీ వచ్చి, లివరుకి బిగుసుకుపోయిన ఆ వేళ్ళని ఒక్కొక్కటీ విడదీసి ఆయన్ని దింపాడు. నాకు ఏడుపొచ్చింది. దాన్ని మనుషులు ఆయిలు కారడం అంటారు.

ఆ తర్వాత నాలుగో నాడు ఇనుము కొట్టు బండి ఇంటి ముందు ఆగింది. కబురు పెట్టింది మాస్టారే. నన్ను ఎత్తుతుంటే జిలానీ గేటు పట్టుకుని, "ఇంత కష్టపడి చేశాం, నా షెడ్డులో ఉంచుకుంటాను మాస్టారూ, పొలం దారిలో తోలుకుంటాను" అని బతిమాలాడు.

"వద్దు. దాని మీద ఇంకెవరూ ఎక్కొద్దు" అన్నారు మాస్టారు లోపల్నించి.