జీడినూనె మబ్బు

బొమ్మలో తుఫాను ఉంది గాని భయం లేదు. కాశీబుగ్గలో డ్రాయింగు మాస్టరుగా ఉన్న ఈశ్వరరావుకి ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. కొబ్బరిచెట్లు వంగాయి, సముద్రం నురగలు కక్కింది, మబ్బులూ ముసిరాయి. అయినా అదంతా ఎవరికో జరుగుతున్నట్టుంది. చిన్నప్పుడు ఉద్దానంలో వచ్చిన తుఫాను అతని గుండెల్లో దూరి అక్కడే ఉండిపోయింది. దాన్ని బయటికి లాగి గోడకి తగిలించగలిగితే, గాలి వీచినప్పుడల్లా ఉలిక్కిపడనక్కర్లేదని ఆశ. అందుకే ఎన్నోసార్లు చెరిపి మళ్ళీ వేశాడు. బొమ్మ జోలికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు, భార్య ధనమ్మతో సహా.

ఆ ఆదివారం సంతనుంచి వచ్చేసరికి ధనమ్మ బొమ్మ ముందు చతికిలబడి ఉంది. పక్కన కొబ్బరిచిప్పలో జీడితొక్కల నల్లనూనె. వాళ్ళ ఊళ్ళల్లో కొత్త కర్ర ఇంట్లోకొస్తే చెదలు పట్టకుండా అది పూయాల్సిందే. బొమ్మని నేలమీద పరిచి దాని కొత్త చెక్క ఫ్రేముకి పూస్తుంటే చిప్ప ఒరిగి ఆకాశం మీద ఒలికింది. కంగారుగా బొమ్మ ఎత్తి నిలబెట్టేసరికి సముద్రం దాకా కారింది.

"తిట్టీ బావా. తిట్టీసి ఊరుకో. సెక్కకి సెదలు పట్టేత్తాయని..."

"సేతులు సూపించు ముందు."

"పొక్కుతాయనా? బూడిద రాసుకున్నాన్లే. జీడితోటల్లో పుట్టినదాన్ని, నాకు నేర్పుతావేటి!"

అప్పుడు తగిలింది అతనికి ఆ నూనె వాసన.

తుఫాను రోజున అమ్మ అందరినీ లోపలి గదిలోకి తోసి తలుపేసింది. జీడినూనె పూసిన నల్లటి తలుపు. గాలినీ చూడలేదు తను, సముద్రాన్నీ చూడలేదు. ఆ వాసన పీలుస్తూ, ఎక్కడ విరుగుతుందోనని తలుపునే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ చూడని ఆకాశాన్ని గీస్తున్నాడన్నమాట. ఇప్పుడు నల్లగా కారిన నూనెలో ఆ తలుపే బొమ్మకి అడ్డంగా నిలబడింది. భయమూ వచ్చింది. దానితోబాటు ఇంకోటి కూడా తోచింది, ఇంతకాలం ఎందుకు తోచలేదో గాని: తలుపు విరగలేదు.

"సిప్పలో ఇంకా ఉందేటి?"

"ఎందుకూ?"

"ఈ మూల ఇంకా తెల్లగా ఉంది. ఇక్కడా పోసీ."

ధనమ్మ అతని మొహంలోకి చూసింది. "ఎర్రెత్తిందేటి బావా నీకు?" అంటూనే చిప్ప అందుకుంది. "నువ్వు పట్టుకో. నాను పోత్తాను."

సముద్రపు గాలి ఒక్కసారిగా లేచి కిటికీ రెక్క ఢామ్మని కొట్టుకుంది. ఉలిక్కిపడింది ధనమ్మే. అనుకున్నదానికన్నా ఎక్కువే ఒలికింది.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అన్నాడు ఈశ్వరరావు.