కుళాయి సీను

మూడో నంబరు హాలు తలుపు దగ్గర టికెట్లు చింపే ఆవిడను సినిమాహాల్లో అందరూ టార్చిలైటు అని పిలుస్తారు. చీకట్లో తడుముకునేవాళ్ళకు సీటు చూపించడం ఆవిడ పని కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ వారం మాత్రం ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. హాలోవీన్ వారమట, అదేదో దయ్యాల పండగ. కౌంటరు మీద ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని కూర్చోబెట్టారు. మెట్ల కమ్మీలకు దూదితో సాలెగూళ్ళు అల్లించారు. పెళ్ళయిన నాటి నుంచీ ఇంట్లో బూజు దులుపుతూనే ఉన్న మనిషికి ఇక్కడ జీతమిచ్చి మరీ బూజు పట్టించే పని అప్పగించారు. తలుపు మీద వేలాడదీసిన గబ్బిలం రోజుకు రెండుసార్లు ఆవిడ జడలో చిక్కుకునేది.

వీటన్నిటికంటే ఒళ్ళు మండించేది జనం. టికెట్టు కొనుక్కుని మరీ భయపడతారా ఎవరైనా! భయమే కావాలంటే పిల్లకు జ్వరమొచ్చిన రోజు థర్మామీటరు చూసుకోవచ్చు. పేషెంటును బయట కూర్చోబెట్టి "మీరొక్కసారి లోపలికి రండి" అనే డాక్టరు మొహం చూడవచ్చు. అది చాలక వీళ్ళు పుర్రె మాస్కులు తగిలించుకుని వచ్చి, దయ్యం కనపడగానే ఎగిరి గంతేసి, పాప్‌కార్న్ అంతా కింద పోసి, నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ఊడ్చేది ఎవరు? టార్చిలైటే.

ఈ గోల చాలదన్నట్టు సోమవారం నుంచి అత్తగారు తయారైంది.

మామగారు పోయి నాలుగు నెలలు. ఆ రోజు అత్తగారు పెదవి విప్పలేదు, కంట చుక్క రానివ్వలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి కుర్చీలు వేసింది. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. అసలు ఇంట్లో ఆవిడ గొంతు వినపడటమే అరుదు. కోడలు రెండో ఆట ముగించుకుని వచ్చి పొద్దెక్కేదాకా పడుకుంటుంది. ఆ నిద్ర చెడకూడదని ఆవిడ గుసగుసగానే మాట్లాడుతుంది, కుక్కరు కూత వెయ్యకముందే స్టవ్వు తగ్గిస్తుంది. కొడుకు డ్యూటీకి వెళుతూ తలుపు గట్టిగా వేస్తే చాలు, వేలు చూపించి బెదిరిస్తుంది.

అలాంటి మనిషి సోమవారం, కోడలు మర్చిపోయిన టిఫిను డబ్బా ఇవ్వడానికి హాలుకొచ్చింది. మధ్యాహ్నం ఆటకు సీట్లు ఖాళీగా ఉంటే పనివాళ్ళ ఇంట్లోవాళ్ళు కూర్చోవచ్చు. "కాసేపు చూసి పోతానమ్మాయ్" అని పదకొండో వరసలో చివరి సీట్లో కూర్చుంది.

ఆ సినిమాలో దయ్యం కనపడటానికి ఇంకా పది నిమిషాలుందనగా ఒక సీను వస్తుంది. మూసిన బాత్‌రూమ్ తలుపు. లోపల కుళాయి పారుతున్న చప్పుడు. అంతే, ఇంకేమీ లేదు. సరిగ్గా అక్కడ అత్తగారు కేకపెట్టింది. మందపాటి తలుపు అవతల నిలబడ్డ టార్చిలైటుకు "ఈఈఈ" అని మాత్రం వినపడింది. మంగళవారం కూడా అక్కడే. బుధవారమూ అక్కడే.

దయ్యానికి కాచుకుని కూర్చున్నవాళ్ళ గుండెలు కుళాయికే జారిపోయాయి. పుర్రె మాస్కు పెట్టుకున్న ఒకాయన కూల్‌డ్రింకు ఒళ్ళో పోసుకుని, మాస్కు తియ్యకుండానే మేనేజరు దగ్గరకు వెళ్ళి పోట్లాడాడు.

"ఏమ్మా, ఇంకొక్క కంప్లయింటు వచ్చిందంటే మీ అత్తగారిని గేటు దాటనివ్వను" అన్నాడు మేనేజరు.

ఆ మాట ఇంట్లో చెప్పడం ఎలాగో టార్చిలైటుకు తోచలేదు. నాలుగు నెలలుగా రెండు ముద్దలకే చెయ్యి కడుక్కుంటున్న అత్తగారు ఈ మూడు రోజులే కడుపు నిండా తింది, ఆదమరిచి నిద్రపోయింది. అది సినిమా మహిమో, కేక మహిమో కోడలికి అంతుపట్టలేదు. కానీ ఆ సీటు పోతే ఆ ముద్దా పోతుందని మాత్రం తెలుసు.

"అత్తయ్యా, దయ్యం వచ్చేది ఆ తరవాత కదా. అందరితోపాటు అప్పుడే అరవచ్చు కదా" అంది.

"దయ్యానికి నేనెందుకు అరుస్తానే? పాపం, మొహానికి రంగు పూసుకున్న పిల్ల అది."

"మరి కుళాయిని చూసి అరుస్తారా?"

అత్తగారు కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ "రేపటి నుంచి మానెయ్యమంటావా?" అని అడిగింది. ఆ అడగడంలో గొంతు ఎంత సన్నగా ఉందంటే, ఔననడానికి కోడలికి మనసొప్పలేదు. వెళ్ళి పడుకుంది కానీ నిద్ర పట్టలేదు.

గురువారం కూడా అత్తగారు వచ్చింది, అక్కడే అరిచింది. ఎవరో ఆ కేకలో చివరి "ఈఈఈ"ని ఫోన్లో రికార్డు చేసి లోకమంతా పంచిపెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం ఆటకు హాలు నిండిపోయింది. మేనేజరు మాట కూడా మారిపోయింది.

"మీ అత్తగారిని ముందు వరసలో వేద్దామమ్మా. సాయంత్రం ఆటకు కూడా రమ్మను. తెల్లచీర ఒకటి నేనే ఇప్పిస్తా."

"మా అత్తగారు మీ కౌంటరు మీద అస్థిపంజరం కాదు సార్" అంది టార్చిలైటు. నిన్నటిదాకా గేటు దాటనివ్వనన్న నోరే ఇది. పళ్ళు కొరుక్కుంటూ మిగతా టికెట్లన్నీ అడ్డదిడ్డంగా చింపింది.

శనివారం అసలు హాలోవీన్. మంత్రగత్తెలు, రక్తం మరకల డాక్టర్లు, కోరల మొగుళ్ళు, కోరల పెళ్ళాలు, హాలు కిటకిటలాడిపోయింది. ఇవాళ వద్దు అత్తయ్యా అని కోడలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అత్తగారు వినలేదు. తన సీటు దగ్గరకు తనే నడిచి వెళ్ళి కూర్చుంది. మొదటిసారిగా టార్చిలైటు తలుపు బయట కాకుండా లోపలికొచ్చి, పదకొండో వరస పక్కనే నిలబడింది.

బాత్‌రూమ్ తలుపు తెరమీదకు వచ్చింది. కుళాయి చప్పుడు మొదలైందో లేదో, హాలంతా ఒక్కసారిగా "ఈఈఈ" అని వెక్కిరింపుగా అరిచి పగలబడి నవ్వింది. ఫోన్ల లైట్లన్నీ పదకొండో వరసకు తిరిగాయి. ఆ వెలుతురులో అత్తగారు సీటు చేతిని గట్టిగా పట్టుకుని, నోరు తెరిచి ఉంది. కేక రావడం లేదు. చూపులు మూసిన తలుపు మీద, మొహం నాలుగు నెలల కిందటి మొహం.

టార్చిలైటుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఐదేళ్ళుగా ఆ హాల్లో "కొంచెం ఫోన్లు ఆపండి ప్లీజ్" అని గొణగడమే తప్ప ఎన్నడూ గొంతెత్తింది లేదు. ఇప్పుడు టార్చి వేసి వరసవరసనా మొహాల్లోకి కొట్టింది.

"నోళ్ళు ముయ్యండి! ఒక్కళ్ళు కూడా కిక్కురుమనడానికి లేదు!"

దయ్యానికి కూడా అంత బెదిరి ఉండరు. హాలు చప్పబడిపోయింది. తెరమీద కుళాయి ఒక్కటే పారుతోంది.

అప్పుడు అత్తగారు అరిచింది.

"ఏవండీ!"

ఈసారి మధ్యలో తలుపు లేదు. ఇన్నాళ్ళూ టార్చిలైటు విన్నది ఆ పిలుపు తోక ముక్క మాత్రమే. ఎవరూ నవ్వలేదు. పుర్రె మాస్కాయన మెల్లగా మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆట పూర్తి కాకముందే కోడలు అత్తగారిని బయటకు తీసుకొచ్చి, సాలెగూళ్ళ మెట్ల మీద కూర్చోబెట్టింది. ఆవిడ ఏడుస్తోంది. కోడలికి అడగాలని లేదు, అయినా అడిగింది.

"ఆ రోజు మామయ్యగారు బాత్‌రూమ్‌లో పడిపోయినప్పుడు బయట నుంచి పిలిచానన్నారు. ఎంత గట్టిగా పిలిచారు?"

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు అప్పుడే పడుకున్నావు కదమ్మా."

టార్చిలైటు ఆ పక్క మెట్టు మీదే కూలబడింది.

"రెండుసార్లు పిలిచాను. కుళాయి చప్పుట్లో వినపడలేదేమో అనుకున్నా. గట్టిగా పిలిచి ఉంటే పలికేవారేమో. నువ్వు లేచేదానివేమో. డాక్టరు అప్పటికే పోయారన్నాడనుకో. కానీ ఒక్క కేకైనా వెయ్యలేదే నేను!"

"నా నిద్ర తగలెయ్య!" అంది కోడలు. కోపమో ఏడుపో తనకే తెలియలేదు. "ఎవరడిగారండీ మిమ్మల్ని నా నిద్ర కాపలా కాయమని? కొంప అంటుకున్నా గుసగుసగానే చెప్తారా? ఇకనుంచి ఇంట్లో మామూలుగా మాట్లాడండి. నేను పడుకున్నా సరే, గట్టిగా పిలవండి. వినపడుతోందా?"

"హాలంతా వినపడుతోందే, మెల్లగా" అంది అత్తగారు.

మర్నాడు పొద్దున టార్చిలైటు గాఢనిద్రలో ఉండగా ఇల్లు దద్దరిల్లింది.

"అమ్మాయ్! టీ చల్లారిపోతోంది!"

ఉలిక్కిపడి లేవబోతే దుప్పటి కాళ్ళకు చుట్టుకుని, కాలి బొటనవేలు మంచం కోడుకు కొట్టుకుంది. పడుకుని నాలుగు గంటలు కాలేదు. టీ కోసమా ఇంత గోల, మెల్లగా లేపితే పోయేదేముంది అనబోయి, నాలుక కరుచుకుంది. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. దాన్ని ఎవరూ ఆపలేదు.

"వస్తున్నా అత్తయ్యా!" అని కోడలు కూడా అంతే గట్టిగా అరిచింది.