వంగే అద్దం

“ఇవాళ మన ల్యాబుకొచ్చే కమిటీవాళ్లు అడిగితే అంతా ఆటోమేటిక్ అని చెప్పు,” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ. “నీ పోస్టు తీసేసి నా విభాగంలో కలుపుతారు. నువ్వు ఇంటిపట్టున అమ్మకి తోడుంటావు. నువ్వు సరేనన్నావని చెప్పేశాను కూడా.”

ఆమె ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టింది. గుమ్మంలో అతని చెప్పుల చప్పుడును బట్టే ఆ పూట ఇంటి వాతావరణం పసిగట్టి, పిల్లని పక్కగదిలోకి పంపి, అత్తగారి సణుగుడు అతని చెవిన పడకుండా టీవీ సౌండు పెంచే మనిషి ఆమె. “మా కోడలు మనసెరిగి మసులుకుంటుంది,” అని అత్తగారు నలుగురిలో మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకి ఎందుకో ఏడుపొచ్చేది.

ఇద్దరిదీ ఒకే సూర్య పరిశోధనశాల. అతను సూర్యుడి మచ్చల ఫొటోలతో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త. ఆ ఫొటోలు మసకబారకుండా చూసే ఇంజనీరు ఆమె. పేరు ఆయనది, పాట్లు ఈవిడవి. సూర్యుడి నుంచి అంతదూరం తిన్నగా వచ్చిన వెలుగు, తీరా నేలకి దిగే ముందు మన గాలిలో పడి అల్లాడిపోతుంది. అది ఎక్కడ ఎంత వంకర పోయిందో ఒక పరికరం కొలిస్తే, టెలిస్కోపులోని పల్చటి అద్దం వెనకున్న వందలాది సన్నని కడ్డీలు ఆ అద్దాన్ని అందుకు తగ్గట్టు సెకనుకి వెయ్యిసార్లకు పైగా వంచుతాయి. ముల్లును ముల్లుతో తీసినట్టు వంకరను వంకరే సరిచేస్తుంది. గాలి తీరు మారినప్పుడల్లా అద్దం ఎలా వంగాలో, ఏ కడ్డీ మొరాయిస్తోందో చూసి లెక్క మార్చే పని ఆమెది. “మా ఆవిడ రోజంతా అద్దం ముందే,” అనేవాడు అతను అతిథులతో. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది.

మధ్యాహ్నం కమిటీ వచ్చింది. తెర మీద సూర్యుడి మచ్చ, దాని అంచున దారప్పోగుల్లాంటి గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. కమిటీ పెద్ద, జుట్టు నెరిసిన ఆవిడ, ఆమె వైపు తిరిగింది.

“మరి మీరేం చేస్తారమ్మా?”

“అదంతా ఆటోమేటిక్ అండీ,” అని భర్తే అందుకున్నాడు. “ఈవిడ ఊరికే చూస్తూ కూర్చుంటుంది.”

ఆమెకి ఒళ్లు మండింది. చెయ్యి చాపి మీట నొక్కి అద్దం కదలికలు ఆపేసింది. పోగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మచ్చ తడిసిన సిరా మరకలా అలుక్కుపోయి వణకసాగింది.

“ఏమైంది?” అన్నాడు భర్త.

“ఏమీ కాలేదు. గాలి ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, నేనే మీకు కనబడనివ్వలేదంతే.” ఆమె కమిటీ పెద్ద వైపు తిరిగింది. “అద్దం వంగేది దానంతటదేనండీ. ఏ రోజు ఎలా వంగాలో దానికి చెప్పేది నేను. నా పోస్టు తీసేయడానికి నేను ఒప్పుకోలేదు. అసలు నన్నెవరూ అడగలేదు.”

భర్త మెడ కందిపోయింది. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “ఇంటికెళ్లాక మాట్లాడదాం,” అన్నాడు.

అలవాటు కొద్దీ ఆమె పెదాల మీదికి నవ్వు రాబోయింది. ఆపుకుంది.

“ఇక్కడే మాట్లాడండి,” అంది. “ఇంటికెళ్తే నేను సర్దుకుపోతాను.”