పట్టాల పక్క వీరులు

గురజాల దాటాక పట్టాల పక్కన అక్కడక్కడ సున్నం పూసిన రాళ్లు కనిపిస్తాయి. రాయి ఉన్న చోటల్లా ఒక గ్యాంగు కూలీ పని చేస్తూ చచ్చాడని అర్థం. చచ్చినవాణ్ణి వీరుడని పిలిచి, పసుపు పూసి మొక్కడం వాళ్ల ఆచారం. పల్నాడు కదా, వీరులకేం కొదవ! రైల్వే కూలీల ప్రమాదాల చరిత్ర రాసుకురమ్మని యూనియను పంపితే, పందొమ్మిది వందల నలభై ఆరు వేసవిలో ఆ రాళ్ల వెంటే నడిచాను. ఎలా పోయాడని ఎక్కడ అడిగినా ఒకటే జవాబు. అమ్మ పిలిచింది, పోయాడు. అమ్మంటే అమ్మవారు.

నా కళ్ల ముందే యల్లమంద పోయాడు. ఇనప పట్టాలు మోసే ట్రాలీకి బ్రేకు లేదని గ్యాంగంతా మొత్తుకున్నా రైల్వే ఇన్‌స్పెక్టరు తోయమన్నాడు. పల్లంలో అది ఆగలేదు. ముందు నడుస్తున్న యల్లమంద మీదుగా పోయింది.

విచారణకు రైల్వే దొర వస్తున్నాడన్నారు. తప్పు ట్రాలీదని తేలకపోతే యల్లమంద భార్య అంజమ్మ చంటిపిల్లతో రైల్వే గది ఖాళీ చేయాలి. నేను చూసినా, యూనియనువాడి సాక్ష్యం దొర తీసుకోడు. మీటింగు పెట్టి, బ్రేకు సంగతి చెప్పమని అందరినీ బతిమాలాను. మేస్త్రీ బక్కయ్య ఒప్పుకోలేదు. అప్పటికే రాయి పాతేశారు. రాయి పడ్డాక వాడు తనంత తానే ప్రాణమిచ్చిన వీరుడు. బండి కింద నలిగి చచ్చాడంటే వీరుణ్ణి అవమానించినట్టట. నాకు ఒళ్లు మండింది. కానీ వాళ్ల చావుకు దక్కిన మర్యాద అదొక్కటే, దాన్నెలా లాక్కోను?

విచారణలో బక్కయ్య చేతులు కట్టుకుని, అమ్మ పిలిచిందనే చెప్పాడు. దొర సంతోషంగా దైవికమని రాసుకున్నాడు. అంజమ్మ లేచింది.

"నా మొగుడు వీరుడు కాదయ్యా. బ్రేకు లేని బండి కింద నలిగిన కూలోడు. ఆ రాయి పీకెయ్యి బక్కయ్య మామా, నాకు మొక్కులొద్దు."

కళ్లారా చూడనిదాని మాట చెల్లదన్నాడు దొర. ఆ పూటే ఆమె సామాను బయట పడేశారు. మేమంతా చూస్తూ నిలబడ్డాం. ఏమీ చేయలేకపోయాం.

తెల్లారి అదే ట్రాలీ తోయమన్నారు. బక్కయ్య చెయ్యి వెయ్యలేదు.

"మా అన్న కూడా ఇట్టాంటి బండి కిందే పోయాడయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "అమ్మ పిలవలా. మీరే తోయమన్నారు."

ఇన్‌స్పెక్టరు కబురు పెడితే పోలీసులొచ్చి బక్కయ్యకు బేడీలు వేశారు. అప్పుడు మొదలుపెట్టారు మిగిలినవాళ్లు. తండ్రి ఎలా పోయాడో ఒకడు, తమ్ముడు ఎలా పోయాడో ఇంకొకడు. దొర వెళ్లిపోయాడు, రాసుకునే అధికారి లేడు. బక్కయ్యను లాక్కుపోతున్నా వాళ్లు చెప్పడం ఆపలేదు. ట్రాలీని మాత్రం ఒక్కడూ ముట్టుకోలేదు.